కడిగిన చిలుం

సబ్బులు వండే ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకుంటే ఇల్లు అద్దంలా ఉంటుందని పెళ్లిచూపుల నాడు మామగారు తెగ మురిసిపోయాడు. ఉంది కూడా. మూలల్లో బూజు లేదు, గిన్నెల అడుగున మసి లేదు, కిటికీ ఊచల మీద వేలు పెట్టి రాస్తే వేలే శుభ్రపడేలా ఉంది. కాకపోతే ఆ శుభ్రం ఇల్లు దాటి హుక్కాల దుకాణంలోకి వస్తుందనీ, వచ్చి వచ్చి తన నలభయ్యేళ్ల చిలుం మీద పడుతుందనీ ముందే తెలిసి ఉంటే పెద్దాయన ఆ రోజు అంతలా మురిసేవాడు కాదు.

చిలుం అంటే హుక్కా నెత్తిన కూర్చునే మట్టి గిన్నె. అందులో పొగాకు కూరి, పైన నిప్పు పెడతారు. పొగ నిలువుగా ఉండే ఇత్తడి కాడలోంచి కిందికి దిగి, సీసాలోని నీళ్లలో బుడబుడలాడి, గొట్టంలోంచి నోటికి వస్తుంది. ఇంతకు మించి ఆ విద్యలో బ్రహ్మరహస్యం ఏమీ లేదనే కోడలు అనుకునేది. పెళ్లయి ఏడాదైనా ఆమెను వెనకగదిలోకి రానివ్వకపోతే ఇంకెలా అనుకుంటుంది?

దుకాణంలో మూడు గదులు. ముందుగదిలో హుక్కాలు, గొట్టాలు, పట్టకార్లు. నడిమి గదిలో ఆమె భర్త ఇత్తడి కాడలు తీసే మర. వెనకగదిలో మామగారి రాజ్యం. ఆకును కడిగి ఆరబెట్టి, సన్నగా తరిగి, బెల్లం పాకంలో పిసికి, జాడీల్లో కుక్కి, మూతికి గుడ్డ కట్టి మాగబెట్టేది అక్కడే. ఆ పాకం వాసనకు కోడలి ముక్కుపుటాలు ఊరుకునేవి కావు. పుట్టింట్లో ఏ నూనె ఎప్పుడు కాగిందో, ఏ సువాసన ఎంత పడిందో వాసన చూసి చెప్పే పిల్ల ఆమె. వాళ్ల నాన్న సబ్బు పోతపోసేముందు కూతురి ముక్కు కింద పెట్టి అడిగేవాడు. ఇక్కడ మాత్రం గుమ్మంలో నిలబడి "మామయ్యగారూ, నేనూ ఓ చెయ్యి వెయ్యనా?" అంటే, "సబ్బు చేతులు పాకంలో పెడితే నురగొస్తుందమ్మాయ్, వెళ్లు వెళ్లు" అని నవ్వేవాడు. ఆయన నవ్వేవాడు గానీ ఆమెకు నవ్వొచ్చేది కాదు.

ఆ మధ్య దుకాణానికి ఓ చిక్కొచ్చి పడింది. రేవు దగ్గర పెద్ద హోటలున్న ఆసామి ఒకాయన ఏళ్ల తరబడి వీళ్ల హుక్కాలే, వీళ్ల పొగాకే కొంటున్నాడు. దుకాణం సగం ఆయన మీదే నడుస్తోంది. ఆయన ఇప్పటికి మూడుసార్లు వచ్చి గొడవ పెట్టుకున్నాడు. "ఇక్కడ పీలిస్తే అమృతంలా ఉంటుంది. నా హోటల్లో పీలిస్తే ఎండుగడ్డి తగలబెట్టినట్టుంటుంది. ఏంటి పెద్దాయనా ఇది?" అని. గొట్టాలు మార్చమంటే మార్చాడు. తోలు గొట్టాలు పాతవాసన పట్టేస్తాయని, కడగడానికి వీలైనవి తీసుకున్నాడు. అడుగు మందంగా ఉన్న సీసాలు తీసుకున్నాడు. బొగ్గు మార్చాడు, నీళ్లు మార్చాడు. ఊహూఁ. చివరికి మిగిలింది కాడలు.

"మీ అబ్బాయి తీసిన కాడల్లోనే ఎక్కడో గాలి పోతోంది. గురువారం వస్తా. తేలిందా సరే, లేకపోతే పన్నెండు హుక్కాలూ తెచ్చి మీ గుమ్మంలో పెట్టి, వేరే చోట కొనుక్కుంటా" అని చెప్పి వెళ్లాడు.

ఆ మాటతో భర్తకు తల కొట్టేసినట్టయింది. చేతిపని మీద బతికేవాడిని పని రాదన్నాక ఇంకేం మిగులుతుంది? అరలో ఉన్న ఒక్కో కాడనూ తీసి, సీసాకు బిగించి, పై చివర అరచేత్తో మూసి, గొట్టం పెట్టే చోట నోరు పెట్టి పీల్చి చూశాడు. అతుకు ఎక్కడైనా వదులుగా ఉంటే గాలి వస్తుంది. రాలేదు. హోటలుకిచ్చిన పన్నెండింటికి జోడుగా తీసిన పన్నెండు కాడలూ చూశాడు. రాలేదు. అయినా మనిషికి తిండి సయించడం మానేసింది. కంచం ముందు కూర్చుని కూడా అరచెయ్యి వంకే చూసుకునేవాడు. తన మొగుడి చేతిలో తప్పు లేదని కోడలికి తెలుసు. ఎలా తెలుసని అడిగితే మాత్రం చెప్పలేదు.

ఆ వారమే మామగారు ఆకు కొనడానికి రెండు రోజులు ఊరెళ్లాడు. తను చెయ్యగలిగింది ఇదొక్కటేగా అని కోడలు కొంగు బిగించింది. ఆ ఆసామి వచ్చేసరికి దుకాణం కళకళలాడాలి. అరలు తుడిచింది, సీసాలు తోమింది. చుట్టచుట్టి పడేసిన పాత గొట్టాల గుట్ట వెనక ఓ జాడీ దొరికింది. మూతిగుడ్డ దుమ్ముపట్టి నల్లబడి ఉంది. మామగారికి ఫోన్ చేసి అడిగితే, "అదా! కిందటేడు ఎక్కడో తప్పిపోయింది. పాడైపోయుంటుంది, పారెయ్" అన్నాడు. గుడ్డ విప్పి వాసన చూసింది. పారేయబుద్ధి కాలేదు. మళ్లీ కట్టేసి పక్కన పెట్టింది.

ఆ తరవాతే ఆమె కంట్లో చిలుం పడింది.

ముందుగదిలో గూట్లో, పట్టుగుడ్డ మీద, తారుముద్దలా నల్లగా, జిడ్డోడుతూ ఉంది. దుకాణానికి వచ్చినవాళ్లందరికీ రుచి చూపించేది అందులోనే. అయ్యో, దీన్ని ఎవరూ పట్టించుకోలేదే అని ఆమె ప్రాణం ఉసూరుమంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ముడి సబ్బు తీసింది. అందులో సువాసన ఉండదు, మరక మాత్రం బతకదు. నానబెట్టింది, తోమింది, ఉడకబెట్టింది. నాలుగు నీళ్లు మార్చి, చివరి నీళ్లలో ఏ వాసనా రావడం లేదని ముక్కుతో చూసుకున్నాకే తీసి ఎండలో పెట్టింది. ఎండాక చూస్తే ఎర్రగా, నిన్న కుమ్మరి సారె మీంచి దిగినట్టుంది.

సంబరంగా తీసుకెళ్లి భర్తకు చూపించింది. ఆయన మర ఆపేశాడు.

"ఇదేంటి?"

"చిలుమండీ. కడిగాను."

"ఏ చిలుం?"

"గూట్లోది. ఎంత మురికో తెలుసా?"

భర్త నెత్తిన చేతులు పెట్టుకుని బల్ల మీద కూలబడ్డాడు. "ఎంత పని చేశావే! నలభయ్యేళ్లలో దానికి నీటిచుక్క తగలనివ్వలేదు మా నాన్న. ఆయన ఏ జాడీ తెరిచినా ముందు అందులో రెండు దమ్ములు లాగి, ఊఁ అంటేనే అమ్మకానికి వచ్చేది. అది చిలుం కాదు, మా నాన్న ప్రాణం!"

"ఎవరూ చెప్పలేదుగా నాకు!"

"చెప్పాలా? చిలుం కడగకూడదని ఎవరైనా చెప్పాలా?"

హుక్కాల వాళ్లింట్లో చెప్పక్కర్లేదేమో. సబ్బుల వాళ్లింట్లో పుట్టినదానికి మాత్రం చెప్పాలి. మొగుడి పరువు నిలబెడదామని పోయి మామగారి ప్రాణం తీశానే అనుకుంది. చిలుంను మళ్లీ గూట్లో పెట్టి, ఆయన రాగానే కాళ్ల మీద పడి చెప్పేద్దామనుకుంది.

చెప్పే సందు దొరికితేగా? గురువారం పొద్దున్న మామగారు ఆకుమూటతో మెట్లెక్కుతున్నాడు, వెనకాలే తన హుక్కాను చంటిపిల్లలా చంకనెత్తుకుని హోటలాయన. ఇద్దరూ ఒకేసారి లోపలికొచ్చారు.

"ఇవాళ తేలిపోవాలి పెద్దాయనా. ఇది నా హోటల్లోది. కాడ నీ కొడుకు తీసిందే. కొత్త జాడీ పొగాకు, నీ చిలుం, నీ బొగ్గు. నా హుక్కా మీద పెట్టి ఇవ్వు. గడ్డిలా ఉంటే కాడ తప్పు."

"అలాగే బాబూ. చిలుం నాది కదా, చూద్దాం." మామగారు గూటి వైపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే నిలబడిపోయాడు.

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

భర్త నోరు తెరవబోయాడు. కోడలే ముందుకొచ్చింది. "నేనే మామయ్యగారూ. సబ్బు పెట్టి కడిగాను. తెలియక చేశాను."

ముక్కు మీదే కోపం ఉండే మనిషి ఆయన. అలాంటిది అరవలేదు, అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. ఆ ఎర్రటి చిలుంను రెండు చేతుల్లోకి తీసుకుని, లోపలికి చూసి, "అంతా పోయిందమ్మాయ్" అన్నాడు మెల్లగా. వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నాడు కాబట్టి బాధ దిగమింగుకుని, కొత్త జాడీ విప్పి, పొగాకు వదులుగా కూరి, నిప్పు పెట్టి హుక్కా అందించాడు.

హోటలాయన ఓ దమ్ము లాగాడు. ఇంకోటి లాగాడు. మొహం వెలిగిపోయింది.

"చూశావా! అదే గడ్డి! సరిగ్గా నా హోటల్లో వచ్చేదే! నేను చెప్పలా, కాడ అని?"

భర్త అరలోంచి కొత్త హుక్కా దించి, అదే చిలుం దాని మీదికి మార్చి ఇచ్చాడు. హోటలాయన పీల్చాడు. నుదురు ముడిపడింది.

"ఇదీ అంతే ఉందేంటి?"

మామగారు గొట్టం లాక్కున్నాడు. కళ్లు మూసుకుని లాగాడు. మామూలుగా ఆ కళ్లు తెరుచుకునేసరికి పెదవి మీద చిన్న నవ్వుండేది. ఈసారి కళ్లు తెరిచి ఎటు చూడాలో తెలియనట్టు చూశాడు. "పాకం... పాకం రుచే లేదేంటి?"

కోడలికి ఒక్కసారిగా వాళ్ల నాన్న కేక చెవుల్లో మోగింది. పుట్టింట్లో మల్లెసబ్బులు పోసే చెక్క అచ్చులుండేవి. ఏళ్ల తరబడి మల్లె పోసి పోసి, అందులో ఉత్త సబ్బు పోసినా మల్లె వాసనే కొట్టేది. కొన్నవాళ్లు ఇంటికెళ్లి రెండుసార్లు వాడగానే వాసన పోయిందని తిరగబడేవాళ్లు. అచ్చు ఉడకబెట్టకుండా పోత పోస్తే నాన్న ఇల్లు పీకి పందిరేసేవాడు.

"మామయ్యగారూ," అంది. "తప్పుగా అనుకోకండి. ఈ హోటలు అన్నయ్యగారు గొట్టం మార్చారు, సీసా మార్చారు, బొగ్గు మార్చారు. ఇక్కడున్నది అక్కడ లేనిది ఆ చిలుం ఒక్కటే. ఇన్నాళ్లూ మనం రుచి చూసింది జాడీలో పొగాకు కాదేమో. నలభయ్యేళ్లుగా ఆ మట్టికి పట్టిన రుచేమో."

"నాన్నా," అన్నాడు భర్త నెమ్మదిగా, "నా చిన్నప్పుడు జాడీ కడితే మూడు నెలల దాకా విప్పేవాడివి కాదు. తరవాత రెండు నెలలన్నావు. ఇప్పుడు మూడు వారాలకే..."

"మాగిందనిపించేదిరా! ఏడాదికేడాది ముందే మాగిపోతోంది, నా చెయ్యి తిరిగింది అనుకున్నా!" అన్నాడు పెద్దాయన. "పచ్చి పొగాకు పెట్టినా ఆ ముండ చిలుం మాగిందనే చెప్పేదన్నమాట. నేను నమ్మాను. వేలెడంత మట్టిగిన్నెను నమ్మి, కన్నకొడుకు పనిలో తప్పుందంటే నోరు మూసుకుని విన్నాను!"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలికి ఇంక నిలబడాలనిపించలేదు. గబగబా లోపలికెళ్లి ఆ దుమ్ము జాడీ ఎత్తుకొచ్చింది.

"పారెయ్యమన్నారు గానీ నేను పారెయ్యలేదు. ఏడాది నాటిది కదా. నా ముక్కుకి మాత్రం బాగుందనిపించింది."

మామగారు గుడ్డ విప్పాడు. వేళ్లతో కాస్త తీసి నలిపాడు. మెత్తగా, నల్లగా, వేలికి అంటుకుని సాగింది. చిలుం దులిపి, హోటలాయన తెచ్చిన హుక్కా మీదే పెట్టి ఇచ్చాడు.

హోటలాయన లాగాడు. వదల్లేదు. కళ్లు మూసుకుని ఇంకోటి లాగి, అప్పుడు తీరిగ్గా పొగ వదిలాడు.

"ఓరి నాయనో! ఇదీ! మొదట్లో నన్నీ కొట్టుకి లాక్కొచ్చింది ఇదే పెద్దాయనా!" తరవాత భర్త వైపు తిరిగి, కాస్త సిగ్గుపడుతూ భుజం తట్టాడు. "నీ కాడ మీద లేనిపోని నింద వేశాను తమ్ముడూ. మనసులో పెట్టుకోకు."

"ఈ ఒక్క జాడీయే ఉంది బాబూ," అన్నాడు మామగారు. ఇంకొకడైతే దాచేవాడే. "ఇలాంటిది మళ్లీ కావాలంటే మూడు నెలలు పడుతుంది. ఆగుతానంటే చేస్తా."

"ఆగుతా. ఈ జాడీ నాకిచ్చి, ఆగమంటే ఎందుకాగను? హుక్కాలెక్కడికీ పోవు, నా దగ్గరే ఉంటాయి. చెల్లెమ్మా, నా చిలుంలు కూడా పంపిస్తా, కడిగిపెడతావా?"

అందరూ నవ్వారు. ఆయన జాడీని ఓ చంకన, హుక్కాను ఓ చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లాడు. భర్త ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.

మధ్యాహ్నం కోడలు గిన్నెలు సర్దుతుంటే పెరటి కుళాయి దగ్గర చప్పుడైంది. వెళ్లి చూస్తే మామగారు పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని, చేతిలో చిలుం పట్టుకుని ఉన్నాడు.

"అమ్మాయ్, ఆ సబ్బెక్కడ పెట్టావ్?"

ఆమె తెచ్చిచ్చింది. జీవితంలో గిన్నె తోమి ఎరగని మనిషి, వేళ్లు లోపలిదాకా పోనిచ్చి ప్రాణం పెట్టి తోమాడు. "ఎన్ని నీళ్లు పొయ్యాలి?"

"వాసన పోయేదాకా మామయ్యగారూ."

పోసి పోసి, ఓసారి వాసన చూసుకుని, తల అడ్డంగా ఊపాడు. "నలభయ్యేళ్లు దీనికి అలవాటు పడిపోయింది నా ముక్కు. దాన్ని ఇంక నమ్మను. నువ్వు చూసి చెప్పు." చిలుంను రెండు చేతులతో ఎత్తి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

ఆమె వంగి వాసన చూసింది. తడిమట్టి వాసన, అంతే. "పోయింది."

"పోయిందా? అయితే పద. తెచ్చిన ఆకు ఇవాళే పాకంలో వెయ్యాలి. మూడు నెలలకు ఒక్క రోజు కూడా తగ్గడానికి వీల్లేదు." నడుం పట్టుకుని లేచి, వెనకగది గుమ్మం దాకా వెళ్లి, అడ్డంగా నిలబడకుండా పక్కకి జరిగి చోటిచ్చాడు. "చేతులు కడుక్కుని రా."

"నురగొస్తుందేమో మామయ్యగారూ. ఉత్త నీళ్లతో కడుక్కోనా?"

"సబ్బుతోనే కడుక్కోమ్మా," అన్నాడు పెద్దాయన.