వన్స్ మోర్ విన్న కుర్చీ

నేను ఒక కుర్చీని. వియన్నా నగరంలోని ఒక పాత సంగీత నాటకశాలలో, పై అంతస్తున, ఆఖరి వరుసలో, స్తంభం చాటున నా చోటు. ఎర్ర మఖమలు తొడిగిన రోజున, నా మీద రాజుగారు కూర్చుంటారనుకున్నాను. ఒక దర్జీ కూర్చున్నాడు. మొదటి అంకంలోనే గురక పెట్టాడు.

ఒకసారి ఒక గాయని ఎత్తుకున్న స్వరానికి నా మేకు ఒకటి ఊడి ఎగిరి, ముందు వరుస పెద్దమనిషి విగ్గుకు గుచ్చుకుంది. ఆయన దాన్ని పతకమనుకుని ఇంటికి పట్టుకుపోయాడు. నమ్మకపోతే మీ ఇష్టం.

మోసి మోసి నడుం విరిగింది. స్ప్రింగులు మూలుగుతున్నాయి. వచ్చే సోమవారం నన్ను ఊడదీస్తారట. హమ్మయ్య అనుకుంటూండగా తెలుగు యాత్రికులు దిగారు. కుర్చీకి తెలుగేం తెలుసంటారా? కూర్చున్నవాళ్ళ కడుపులో మాట కుర్చీకి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది!

వేదిక దగ్గర పాడితే మైకు లేకుండానే ఇక్కడిదాకా వినిపిస్తుందని, నాటకశాల చూపించే అమ్మాయి చెప్పింది. రేపల్లె కోటిలింగం చెవులు నిక్కబొడుచుకున్నాయి. పద్యనాటకాల్లో ఆయన కృష్ణుడు. వయసులో ఉండగా ఆయన రాగం తీస్తే పొరుగూరి ఎద్దులు కూడా తలలు తిప్పేవట. నా మీద కూర్చున్న భార్య వైపు తిరిగాడు.

“రత్నం, నేను కిందికెళ్ళి ఓ పద్యం ఎత్తుతా. నీ దాకా అందిందా, వచ్చే నెల వేషం కడతా. అందలేదా, కిరీటం కుర్రాళ్ళకిచ్చేసి మూల కూచుంటా. తీర్పు నీదే. మొహమాటపడమాక.”

“మీ దగ్గర నేనెప్పుడు మొహమాటపడ్డానూ? మెట్లు జాగర్త.”

ఆయన అటు దిగాడో లేదో, శేషారత్నం చెవి మిషను కుయ్‌మని ఆగిపోయింది. తీసి తట్టింది, ఊదింది. “బ్యాటరీ ఇప్పుడే చావాలా! ఆయనతో అనమాకమ్మా,” అంది పక్కావిడతో.

కింద పద్యం మొదటి పాదం బాగానే లేచింది. రాగం తీసే చోట గొంతు జీరపోయి నాలుగో వరుసలోనే చతికిలబడింది. నా దాకా ఏమీ రాలేదు. ఆమె మాత్రం స్తంభం పక్కనుంచి తల వంచి ఆయన కుడిచెయ్యే చూస్తోంది. రాగం ముగిసేటప్పుడు, తలమీద లేని నెమలిపింఛాన్ని ఆ చెయ్యి సర్దుతుంది. చెయ్యి లేచింది. ఆమె కూడా లేచి హాలు అదిరేలా కేకేసింది.

“వన్స్ మోర్!”

ఎవరో పడిపోయారనుకుని ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. పద్యం నచ్చితే మా వైపు ఇలా అరిచి మళ్ళీ పాడించుకుంటామని పక్కావిడ చెప్పాక, తనూ అరిచింది. ఆయన మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండోసారీ నా దాకా రాలేదు. ఆమె తలూపుతూనే ఉంది.

చెమటలు కక్కుతూ పైకొచ్చాడు. “అందిందా?”

పెదవులు చూసి గ్రహించింది. “అందక! చివర్న కాస్త ఎక్కువ లాగారు.”

“నాకూ అనిపించిందే! ఇంటికెళ్ళగానే కిరీటానికి కొత్త తళుకులు అంటించాలి.”

ప్రేమ పేరిట ఇక్కడ ఎన్ని అబద్ధాలు వాద్యాలతో సహా విన్నానో! వాద్యం లేకుండా, చెవి కూడా లేకుండా, ఇంత శ్రుతిలో ఒక్కరూ పలకలేదు.

సోమవారం వస్తోంది. మేకులు వదులు చేసుకుని కూర్చున్నాను. గోడౌనులో ఒక మూల పడుకుంటే చాలు. నా కథ మీకు నచ్చితే నచ్చింది గానీ, వన్స్ మోర్ అని మాత్రం అనకండి బాబూ. ఓపిక లేదు.