నడకా, చెప్పడమా?

ఇంట్లో అందరూ ఆ పిల్లను దిండు అనే పిలిచేవారు. పదో తరగతి. బడి నుంచి రాగానే మంచమెక్కి, గోడకు దిండు ఆనించి, ఒళ్లో పుస్తకం, దాని మీద ఫోను పెట్టుకుని కూర్చుంటే మళ్లీ భోజనానికే లేచేది. అంతసేపు కూర్చున్నా మార్కులు మాత్రం పరీక్ష పరీక్షకీ తగ్గిపోతున్నాయి.

ఆ మధ్య పెదనాన్న మోకాలికి ఆపరేషనై, కోలుకునేదాకా దిండు వాళ్లింట్లోనే ఉన్నాడు. రోజూ సాయంత్రం వాకర్‌తో అపార్ట్‌మెంటు వరండాలో నడవాలి. పక్కన మనిషి లేకపోతే పడిపోతానని ఆయనకు భయం. నర్సుగా పనిచేసే అమ్మ, డ్యూటీకి వెళ్తూ ఆ పని కూతురికి అప్పగించింది.

"రేపు సైన్సు పరీక్షమ్మా!" అని గునిసింది దిండు.

"నడుస్తూ చదువుకో. కాళ్లతో చదవవుగా!"

పుస్తకం పట్టుకునే బయల్దేరింది. వరుసగా ఫ్లాట్ల తలుపులు, వాటి ముందు చెప్పుల స్టాండ్లు. పెదనాన్న నోరు ఊరుకోలేదు.

"ఏం పాఠమే అది?"

"మూత్రపిండాలు. రక్తాన్ని వడకడతాయి."

"వడకట్టి, ఉన్న నీళ్లన్నీ బయటికి పారబోస్తాయా?"

దిండు ఆగిపోయింది. ఆ సందేహం తనకెప్పుడూ రాలేదు. పుస్తకం తిరగేసింది. చాలావరకు నీరు మళ్లీ రక్తంలోకే వెళ్తుందట. చెబుతుంటే ఆయన కూడా నిలబడిపోయి విన్నాడు.

మర్నాడు పరీక్షలో ఏ మాట ఏ తలుపు దగ్గర చెప్పిందో కూడా గుర్తొచ్చింది.

మార్కులు చూసి అమ్మ, "చూశావా, నడిస్తే బుర్ర కదులుతుంది!" అని మురిసిపోయింది.

"నడకదేముంది? నేను ప్రశ్నలడగబట్టి!" అన్నాడు పెదనాన్న.

దిండుకు మాత్రం ఇదేదో తేల్చుకోవాలనిపించింది. ఒక సాయంత్రం ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి చరిత్ర పాఠం చెప్పింది. పాఠం సగమన్నా కాకముందే ఆయన గురక మొదలైంది. తనకూ ఆవులింతలే. ఇంకో రోజు, మాట్లాడకుండా నడుద్దామంది. సరేనన్న మనిషి మలుపు దాకా కూడా ఆగలేకపోయాడు.

"ఇంతకీ ఆ రాజు గెలిచాడా, ఓడాడా?"

ఇలా లాభం లేదని, గుణం నడకదా, చెప్పడానిదా అని సైన్సు టీచరును అడిగింది. ఆవిడ, "నాకూ తెలీదు. కనుక్కుందామా?" అంది.

క్లాసులో కొందరు కూర్చుని ఒకరికొకరు పాఠం చెప్పుకున్నారు. కొందరు ఆటస్థలంలో నడుస్తూ మనసులో చదువుకున్నారు. మిగతావాళ్లు నడుస్తూ చెప్పుకున్నారు. తర్వాత టీచరు పరీక్ష పెడితే, నడుస్తూ చెప్పుకున్నవాళ్లలోనే ఎక్కువమంది బాగా రాశారు. కానీ అందర్నీ మించి రాసింది కూర్చుని చెప్పుకున్న ఓ అమ్మాయి.

"ఇప్పుడేమంటావ్?" అంది టీచరు నవ్వుతూ.

దిండు తిన్నగా ఆ అమ్మాయి దగ్గరికే వెళ్లింది. "ఇంటికెళ్లాక ఏం చేస్తావ్?"

"ముందు ఫుట్‌బాల్ ఆడతాను. తర్వాతే చదువు."

"నన్నూ రానిస్తారా? నాకు ఆట రాదు."

"పరిగెత్తడం వచ్చా?"

"తెలీదు. చూడాలి," అంది దిండు.