నా కడుపులో సీసపు ముద్ద

పడిపోవడమే నా వృత్తి. నేను ఒక కంచు పాత్రను. రెండు వేల ఏళ్ల పైచిలుకు కిందట, చీనా దేశంలోని ఒక చిన్న రాజ్యంలో నన్ను పోతపోసి, రెండు స్తంభాల మధ్య ఊగేలా వేలాడదీశారు. ఖాళీగా ఉంటే పక్కకి వాలతాను. సగం నిండితే నిటారుగా నిలబడతాను. అంచుదాకా నింపారా, బోర్లా పడి ఉన్నదంతా ఒలకబోస్తాను. ఈ తూకం కుదరడానికి మా ఊరి ముసలి కంచరి నన్ను ఆరుసార్లు కరిగించి మళ్లీ పోశాడు. ఆ ముసలాయన్ని కాస్త గుర్తుపెట్టుకోండి.

నన్ను చేయించింది ఫాన్ గురువు. మనసును సాగుచేసుకోవడం నేర్పే పాఠశాల ఆయనది. అదెలా అని అడిగినవాళ్లకి ఉపన్యాసం చెప్పేవాడు కాదు, చేతికి ముంత ఇచ్చేవాడు. తెల్లవారగానే శిష్యుడు నా ముందు కూర్చుని, ఊపిరి నెమ్మదించాక, కళ్లు మూసుకుని నీళ్లు పోయాలి. చప్పుడు వింటూ, ఇక చాలని తనకే తెలిసినచోట ఆపాలి. ఆత్రం ఉన్నవాడికి ఆ చోటు తెలియదు. నీళ్లు ఒలికితే తన అంగీ చేతితోనే నేల తుడిచి, ఆ తడి అంగీతోనే రోజంతా తిరగాలి. డెబ్బై ఏళ్ల గురువు అంగీ కూడా వారానికి రెండుసార్లయినా తడిసేది. "ఈ పూట నాలో ఏదో పొంగుతోంది నాయనా" అని చెప్పి మరీ తుడిచేవాడు. ఆయనంటే నాకు ప్రాణం.

రెన్ షూ అనే శిష్యుడి అంగీ మాత్రం ఎన్నడూ తడవలేదు. మొదటి వారంలోనే నా గుట్టు కనిపెట్టేశాడు మరి. ఏడు ముంతలకి నిలబడతాను, పదమూడో ముంతకి పడతాను. ఇక రోజూ కళ్లు మూసుకోవడం, లోపల ఏడు లెక్కపెట్టుకుని పోయడం, లేచిపోవడం. పైకి మహా ధ్యానం! తోటివాళ్లు దణ్ణాలు పెట్టారు. ఆ పొడి అంగీ పేరు విని రాజుగారు పిలిచి మంత్రిని చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ రాజుకి ధాన్యపు కొట్ల పిచ్చి. మూడు కొట్లు నిండాక నాలుగోది కట్టించి, ఊళ్లలో దాచుకున్న విత్తనపు కొర్రలు కూడా తెమ్మన్నాడు. విత్తనం పోతే వచ్చే ఏడు జనం ఏం తింటారు? గురువు ఉండబట్టలేక నన్ను బండిమీద వేసుకుని రాజధానికి వెళ్లాడు. రాజు చేతే నీళ్లు పోయించి, నిండినదానికి ఏ గతి పడుతుందో కళ్లారా చూపించాలని ఆయన ఆశ.

సభకు ముందు, తోమిస్తానని చెప్పి రెన్ షూ నన్ను కొలిమి దగ్గరికి పట్టుకెళ్లాడు. నా అడుగున సీసం కరిగించి పోయించాడు. "ప్రభువు ముందు ఇది బోర్లా పడితే అపశకునమంటారు, గురువుగారి తల తీస్తారు" అని అక్కడివాళ్లతో అన్నాడు. అది సగం నిజమే. మిగతా సగం తన పదవి ఊడుతుందన్న భయం.

సభలో రాజు పోశాడు. పది, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. నేను కదల్లేదు. కదలాలని ఎంత తన్నుకున్నానో నాకే తెలుసు.

"చూశావా గురువూ! నిండినా నిలబడింది. నా కొట్లూ అంతే" అని రాజు పకపకా నవ్వాడు.

గురువు నన్ను రెండు చేతులా వంచి నీళ్లన్నీ పారబోశాడు. వదిలేశాక, ఖాళీగా ఉండి కూడా నిటారుగా నిలబడ్డాను. ఆయనకి అర్థమైపోయింది. రెన్ షూ వైపు చూశాడు. మోసం బయటపెడితే శిష్యుడి తల అక్కడే తెగిపడుతుంది. గురువు మోకాళ్లమీద కూర్చుని తన అంగీతో ఆ నేల తుడిచాడు.

"నీ అంగీ ఒక్కసారీ ఎందుకు తడవలేదని నేను అడిగి ఉండాల్సింది నాయనా" అని మాత్రం అన్నాడు.

ఆ దయ మీద నాకు ఇప్పటికీ కోపమే. విత్తనాలు కొట్లోకి పోయాయి. మరుసటి ఏడు మా ఊళ్లో పొలాలు బీడుపడ్డాయి. నన్ను ఆరుసార్లు పోసిన కంచరి, ఆయన ఇద్దరు మనవరాళ్లు తిండిలేక చచ్చిపోయారు.

రెన్ షూ మాత్రం ఎనభై ఏళ్లు బతికి, నన్ను తనతోపాటే పాతిపెట్టించుకున్నాడు. ఈమధ్య తవ్వి తీసి ఒక మ్యూజియంలో అద్దాల వెనక పెట్టారు. పక్కన పలక మీద రాసింది చదివితే మీకూ కడుపు రగులుతుంది. 'ఎంత నింపినా ఒలకని పాత్ర. చలించని మనసుకు గుర్తు. అడుగున సీసం చేర్చిన కంచరి నైపుణ్యం అమోఘం.'

అంటే ఆ దొంగపని చేసింది మా కంచరి అన్నమాట! పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి, మనసు ఇలా ఉండాలని నన్ను చూపిస్తారు. వాళ్లు తలలూపుతారు. నీళ్లు పోసి చూద్దామని ఎవరికీ తోచదు.

అయ్యా, అమ్మా, మీ మెప్పు నాకొద్దు. ఆ సీసం పెకలించి పారేయండి. పదమూడు ముంతల నీళ్లు తెచ్చి పోయండి. మా కంచరి పని ఎంత గట్టిదో అప్పుడు చూద్దురుగాని. నన్ను ఒక్కసారి పడనివ్వండి.