పదకొండు మొక్కలు

కదిరమ్మ ముప్పయ్యో పువ్వు దగ్గరికి వచ్చేసరికి ఎండ నీడవల మీదికి ఎక్కింది. వల కింద నాలుగు వరసల కుండీలు, ప్రతి కుండీలోనూ ఒక వేరుశనగ మొక్క. నిన్న సాయంత్రం మొగ్గలుగా ఉన్నప్పుడే పుప్పొడి తిత్తులు తీసేసిన పువ్వులివి. ఇప్పుడు వీటికి వేరే రకం మొక్క పుప్పొడి అంటించాలి. ఆమె ఎడమచేతి బొటనవేలి గోటి మీద పసుపుపచ్చటి పొడి పెట్టుకుని, సన్నటి పట్టకారు మొనతో కాస్త ఎత్తి, పువ్వు నడుమ వెంట్రుకంత సన్నగా ఉన్న కీలం కొసకు తాకించింది. తాకించేటప్పుడు ముఖం పక్కకు తిప్పింది. చూసేవాళ్లకు ఆమె పువ్వు దగ్గర చెవిపెట్టి వింటున్నట్టుగా ఉంటుంది.

శ్రావణం వచ్చినా వాన లేదు. వల బయట ఎర్రనేల నెర్రెలు విచ్చి ఉంది.

కదిరి నుంచి తనకల్లు పోయే దారిలో ఉన్న ఈ వేరుశనగ పరిశోధన క్షేత్రంలో కదిరమ్మకు ఇరవై ఆరేళ్ల పని. రోజుకూలీ. బావులు తవ్వే మొగుడు లక్ష్మీపతి జబ్బుచేసి పోయి పదకొండేళ్లయింది. పిల్లలు లేరు. ఉండేది చెల్లెలు తిప్పమ్మ ఇంట్లో. ఇక్కడ ఆమె చేతుల్లో మొదలైన సంకరాల్లోంచి రెండు రకాలు రైతుల పొలాలదాకా వెళ్లాయి. ఒకసారి పెళ్లికని కళ్యాణదుర్గం బస్సులో పోతూ ఒక చేలో వాటిలో ఒకదాని ఆకు రంగును గుర్తుపట్టింది. పక్క సీటామెకు చెబుదామని నోరు తెరిచింది. ఏమని చెప్పాలో తెలియక కిటికీ మూసేసింది.

పది గంటలకు పక్క వరసలో పనిచేసే సువర్ణ వచ్చింది. ముప్పయ్యేళ్ల మనిషి, పనిలో చేరి నాలుగేళ్లు.

"అత్తా, ఆశ్రిత మేడం ల్యాబుకు రమ్మంటాంది."

కదిరమ్మ చీర కుచ్చెళ్లకు అంటిన మట్టి దులుపుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి పోయింది. ల్యాబు చూసుకునే ఆశ్రిత ఆమెకు స్టూలు జరిపింది.

"కూచో పెద్దమ్మా. పోయిన పంటకారులో నువ్వు చేసిన సంకరాల గింజలు విత్తినాం కదా. అరవై నాలుగు మొక్కలు లేచినాయి. వాటి ఆకుల్లోంచి డీఎన్ఏ తీసినాం."

"అదే కదా మేడమ్మా, ఆకు నూరి చల్లటి స్పిరిట్ పోస్తే తెల్లగా దారం మాదిరి తేలుతాది?"

"అదే. ఆకులో ప్రతి కణంలోనూ ఉంటాది. దాని మీద రాత ఉంటాది, నాలుగే అక్షరాలు. ఆ నాలుగే ముందూ వెనకా మారి, చెట్టు ఎంత పెరగాల, ఎండకు ఎంత ఓర్చుకోవాల, అన్నీ దాంట్లోనే."

"నాలుగేనా! నాకొచ్చినయీ అంతే" అని కదిరమ్మ నవ్వింది.

ఆశ్రిత నవ్వబోయి ఆగింది. "వేరుశనగలో ఆ రాత నలభై కట్టలుగా ఉంటాది పెద్దమ్మా. వాటినే క్రోమోజోములంటాం. ఇరవై తల్లివి, ఇరవై తండ్రివి. ఎప్పుడో వేల ఏండ్ల కింద రెండు అడవి మొక్కలు కలిసి ఈ పంట పుట్టింది. ఆ రెండింటి రాతా ఈ పొద్దుటికీ దీంట్లో ఉండాది."

"ఇద్దర్నీ దాచిపెట్టుకొనిందన్నమాట. మంచి బిడ్డే."

ఆశ్రిత ఒక ఫోటో ఆమె చేతికిచ్చింది. నల్లటి కాగితం మీద తెల్లటి చిన్న చిన్న గీతలు. "ఒకచోట తల్లి ముక్క పొడుగు, తండ్రి ముక్క పొట్టి. జిగురు పలకలో పెట్టి కరెంటు ఇస్తే పొట్టిది ముందుకు ఉరుకుతాది, పొడుగుది వెనకబడతాది. పై గీత తల్లిది, కింది గీత తండ్రిది. సంకరం సరిగా అయింటే బిడ్డలో రెండూ కనపడాల."

కదిరమ్మ ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. దూరం పెట్టింది. ముఖం పక్కకు తిప్పి, కంటి కొసతో చూస్తూ వేలు మెల్లగా జరిపింది. ఆశ్రిత ఆమె ముఖాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నాకు ఒకటొకటే కనపడతాండాది మేడమ్మా."

"ఒకటొకటే ఉండాయి పెద్దమ్మా. పదకొండు మొక్కల్లోనే రెండు గీతలు వచ్చినాయి."

మూలనున్న ఫ్రిజ్ గుర్రుమంటోంది. ఒక్క గీత అంటే ఏమిటో కదిరమ్మకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మొగ్గలో తిత్తి మిగిలిపోయింది. పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టుకుంది.

"సువర్ణవి ఎన్ని?"

"నలభైలో ముప్పై ఆరు." ఆశ్రిత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మన పెద్ద సారు చంద్రమోహన్ సాయంత్రంలోపల రిపోర్టు అడిగినారు. ఎండ ఎక్కువై పుప్పొడి చచ్చిందని రాస్తా. ఆయన దాని మీద ఏమీ అడగరు."

"సువర్ణ కుండీలకు వేరే సూర్యుడొచ్చినాడా?"

ఆశ్రిత తల వంచుకుంది. కదిరమ్మ ఫోటోను బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది.

"ఉగాది అయినాక కండ్ల క్యాంపులో చూపించుకున్యా. కంటి వెనక పొర నడుమ అరిగిపోయిందంట. అద్దాలకు తగ్గదన్యారు, ఆపరేషనూ లేదన్యారు. నేరుగా చూస్తే నడిమధ్యన మసక. అంతకు ముందునుంచే ఉండాదిలే. చేతికి అలవాటే కదా, నడుస్తాది అనుకున్యా. ఎవురికీ చెప్పలేదు. ఈ పని లేకుంటే పొద్దున లేచి యాడికి పోవాల్నో తెలీలేదు నాకు. ఒక కారంతా పోగొడితి."

"పోలేదు. ఒక్కో మొక్క యాభై గింజలిచ్చినా, పదకొండుకు అయిదు వందలు దాటుతాయి. వచ్చే తరానికి అవి చాలు."

"నిజంగానేనా, నా మనసు కోసమా?"

"నిజంగానే. ఆ గింజల్లోనే మనకు కావల్సింది వెతుక్కుంటాం."

"అయితే ఉన్నదున్నట్టు రాయి పాపా." ఇన్నాళ్లలో ఆమె ఆశ్రితను పాపా అనడం అదే మొదలు.

మూడు గంటలకు చంద్రమోహన్ నీడవల దగ్గరికి వచ్చాడు. కోప్పడలేదు. షెడ్డులో గింజలు ఏరే పని ఉంది, చేస్తావా అని అడిగాడు. "చెల్లెలితో మాట్లాడి చెప్తా సార్" అంది కదిరమ్మ. ఆయన చేతులు జోడించి వెళ్లిపోయాడు.

సాయంత్రం మొగ్గల్లోంచి తిత్తులు తీసే వేళ ఆమె పట్టకారు ముట్టుకోలేదు. సువర్ణ పక్కన కూర్చుని ఆమె మణికట్టు పట్టుకుంది.

"పై రేకు వెనక్కి వంచు. బొటనవేలు ఆనించు. లోపలి రేకు చించొద్దు, ఒత్తితే అదే తెరుచుకుంటాది. ఊపిరి బిగబట్టొద్దు. వదిలేటప్పుడు తీయి. ఎన్ని తిత్తులు వచ్చినాయి?"

"ఏడు అత్తా."

"ఇంకొకటి దాక్కొని ఉంటాది. చూడు."

సువర్ణ వంగి చాలాసేపు చూసింది. "ఉండాది! అడుగున ఉండాది."

"అదీ." కదిరమ్మ ఆ చేతిని వెంటనే వదల్లేదు. "నీకు కనపడతాండాది. చాలు."

పని ముగిశాక ఆశ్రిత ఆమెను పొలం చివరికి తీసుకుపోయింది. ఆ పదకొండు మొక్కలకూ తెల్ల చీటీలు కట్టి ఉన్నాయి. కదిరమ్మ చీటీల వైపు చూడలేదు. ఒక్కో మొక్క దగ్గరా వంగి, ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వదిలి, తర్వాతి మొక్కకు జరిగింది. పదకొండూ అయ్యాక నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"బలంగా ఉండాయి" అంది.

గేటు దగ్గర ఆటో హారన్ కొట్టింది. ఊరి ఆడవాళ్లు అప్పటికే ఎక్కి, ఆమెకు చోటు చేసి పిలుస్తున్నారు. ఆశ్రిత చెయ్యి పట్టుకోబోతే, "దారి కనపడతాదిలే పాపా" అని, ముఖం కొంచెం పక్కకు తిప్పి తానే నడిచి వెళ్లింది.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మూడోరోజు తిప్పమ్మ ఆశ్రితకు ఫోన్ చేసి, "అక్క ఇంక రాదంట మేడం. బాగుండాదిలే, మా పెరట్లో నాలుగు గింజలు విత్తి నీళ్లు పోసుకుంటాంది" అని చెప్పింది.

సువర్ణ ఆ రోజు పొద్దున్నే వచ్చి, తన వరసా కదిరమ్మ వరసా తానే మొదలుపెట్టింది. కదిరమ్మ వరస చివర గుంజకు, చల్లగా ఉండాలని ఆమె తడిగుడ్డ చుట్టి ఉంచిన నీళ్ల సీసా వేలాడుతోంది. నీలంరంగు పాత చీర అంచు చింపి చుట్టిన గుడ్డ అది. మూడు రోజులకే ఎండి సీసాకు అంటుకుపోయింది. లోపల సగందాకా నీళ్లున్నాయి.