బడి విడిచిన వేళ పొంగనాలు

నేను ఒక పొంగనాల పెనాన్ని. ఇనుప పలక మీద ఏడు గుంతలు, పక్కన ఒక పిడి, ఇంతే నా ఆకారం. నా మీద దోసె పోయలేరు, రొట్టె కాల్చలేరు, నాలో పాలు కాచలేరు. ఒక్క పనికే పుట్టినవాళ్ళను లోకం తక్కువగా చూస్తుంది. కానీ సాయంత్రం బడి వదిలే వేళకు మా ఇంటికి వచ్చి చూడండి. పుస్తకాల సంచీ ఇంకా భుజం దిగకముందే రెండు ముక్కులు నన్ను వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చేస్తాయి.

కడప ఊరి చివర ఒక పోత కొట్టంలో నన్ను పోశారు. అరిగిన నాగటి కర్రు, మూలబడిన ఆయిలింజను ముక్కలు, ఎవరింటివో కిటికీ ఊచలు, అన్నీ కలిపి కరిగించి ఇసుక అచ్చులో ఒంపారు. ఆ కిటికీ ఊచల వల్లనే కాబోలు, దారి చూసే గుణం నాకు పుట్టుకతోనే వచ్చింది. ఇంటికి రావలసినవాళ్ళు వేళకు రాకపోతే నాకు నెమ్మది ఉండదు. పోయేవాళ్ళు చెప్పులు తొడుక్కుంటున్న చప్పుడు విన్నా అంతే. పొయ్యి మీద కూర్చుని ఉన్నదానికి ఈ బెంగలు ఎందుకని మీరు అనవచ్చు. బెంగకు కాళ్ళతో పనిలేదు.

రాయచోటి తిరునాళ్ళలో ఒక తల్లి నన్ను వేలితో కొట్టి, మోత విని, మెచ్చి కొనింది. కూతురు రెడ్డెమ్మ పెళ్ళి సామాన్లలో చేర్చింది. "అత్తగారింట్లో ఎవురు పలకరించకపోయినా, దీనికి రోజూ ఇంత నూని చూపియ్యి మే. ఇదే నీకు మంచి పేరు తెస్తాది" అని చెప్పి పంపింది.

ఆ మాటలో నిజముంది. కొత్త ఇనుప పెనం ఎవరికీ లొంగదు. పోసిన పిండినల్లా పట్టుకుని కూర్చుంటుంది. నూనె తాగి తాగి, మంట తిని తిని ఒంటి మీద నల్లని పొర కట్టిన తర్వాతనే దారికి వస్తుంది. అప్పుడిక చెంచా మొన తగిలితే చాలు, పొంగనం గుంతలో గిర్రున తిరుగుతుంది. అందుకే మా వైపు ఆడవాళ్ళు ఆ నలుపును సబ్బుతో తోమరు. పాత గుడ్డతో తుడిచి గూట్లో పెడతారు. నునుపుగా, తెల్లగా ఉన్నవాటినే మెచ్చుకునే మనుషులు ఈ ఒక్క విషయంలో నలుపును గౌరవిస్తారు. అది నా అదృష్టం.

రెడ్డెమ్మకు ఇద్దరు పిల్లలు, హేమలత, వీరభద్ర. మొగుడు నరసింహులు లారీ డ్రైవరు. నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉండేవాడు. బోర్లన్నీ ఎండిపోయిన ఏడాది, మా వీధిలో చాలామంది ఆడవాళ్ళు వెళ్ళినట్టే, రెడ్డెమ్మ కూడా ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. అప్పటికి హేమలత మూడో తరగతి, వీరభద్ర ఒకటో తరగతి. వెళ్ళే రోజు పొద్దున ఆమె పొంగనాలు పోసింది. పిల్లలు తింటూ ఉండగా, మొహం కడుక్కుని వస్తానని పెరటి దారిన వెళ్ళి జీపెక్కింది. ఎదురుగా చెబితే కాళ్ళు కదలవని ఆమె భయం. వీరభద్ర ఒక పొంగనాన్ని అమ్మకని పక్కన పెట్టి, చీకటి పడేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ రోజు నేను ఇనుమునైనందుకు సంతోషించాను. మనిషినైతే తట్టుకోలేకపోయేదాన్ని.

మర్నాటి నుంచి నా పిడి పట్టుకున్న చెయ్యి రెడ్డెమ్మ అత్త ఓబుళమ్మది. ఆ ముసలామెను పొగడకుండా నేను ముందుకు పోలేను. ముందురోజే బియ్యం, పప్పు నానబెట్టడం, రుబ్బడం, పులియబెట్టడం, బడి గంట వేళకు పొయ్యి వెలిగించడం. జ్వరమొచ్చినా, చుట్టమొచ్చినా, వాన వచ్చినా ఇందులో మార్పు లేదు. సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి నా గుంతలన్నీ రుద్దేది. పిండిలో ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయలు, నానిన శనగపప్పు. పక్కన వేరుశనగ విత్తనాలతో నూరిన ఊరిబిండి. పిల్లలు పెరిగేకొద్దీ వాయిలు పెరిగాయి.

పదమూడు, పదిహేనేళ్ళ ఆకలి ఎట్లా ఉంటుందో దగ్గరగా చూసినదాన్ని నేను. దానికి మర్యాద లేదు, కపటమూ లేదు. లెక్కల మాస్టరు కొట్టిన దెబ్బ, స్నేహితురాలితో వచ్చిన అలక, ఆటలో ఓడిన ఉక్రోషం, ఏది మోసుకుని వచ్చినా మొదటి వాయి అయ్యేదాకా ఎవరూ నోరు విప్పరు. మూడో వాయికి కథలన్నీ బయటికి వస్తాయి.

"మీవి కడుపులా, బావులా? ఇప్పుడే గదరా పోసింది" అని ఓబుళమ్మ తిట్టేది.

"బాయి ఎండిపోయిండాది జేజీ. ఇంకో వాయి పొయ్యి" అనేవాడు వీరభద్ర.

ఎప్పుడైనా వాడు చాలని లేస్తే మాత్రం ఆమె మొహం వాడిపోయేది. "ఏమైంది రా నీకు? ఒళ్ళు కాలతాందా?" అని నుదురు తడిమి చూసేది. తింటే తిట్టడం, తినకపోతే భయపడటం. ప్రేమను ఇంత తికమకగా చూపించే జాతి ఇంకొకటి లేదు.

రెడ్డెమ్మ మధ్యలో ఒకసారి వచ్చింది. వచ్చిందీ తెలియలేదు, పోయిందీ తెలియలేదు. మళ్ళీ వచ్చేసరికి హేమలత పదో తరగతి, వీరభద్ర ఎనిమిది. ఈసారి రెండు నెలల సెలవు. పెట్టెలో సెంట్లు, చాక్లెట్లు, దుప్పట్లు తెచ్చింది. పిల్లలు వాటిని తీసుకున్నారు, థ్యాంక్స్ అన్నారు. వీరభద్ర ఆమెకు కుర్చీ వేసి, "మీరు కూర్చోండి" అన్నాడు. బంధువులొచ్చినప్పుడు అట్లా మాట్లాడాలని వాడికి జేజి నేర్పింది. రెడ్డెమ్మ కూర్చుంది. సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చి, ఆమె పక్కనుంచే నడిచి, నేరుగా జేజి దగ్గరికి వెళ్ళడం కూడా చూసింది.

ఆ రాత్రి మొగుడితో ఫోనులో చెప్పిన మాట నా చెవిన పడింది. "ఆ యింటోల్లు మళ్ళా రమ్మంటాండారు. పిల్లోల్లకు నేను కావాలంటే ఉండిపోతా. లేదంటే పోతా. ఈడ చుట్టం మాదిరిగా ఉండేదానికంటే ఆడ పనిమనిషిగా ఉండేదే మేలు."

ఓబుళమ్మ కంటి ఆసుపత్రికి పోయిన రోజున రెడ్డెమ్మ నన్ను గూట్లోంచి తీసింది. తన చేత్తో పిల్లలకు పెట్టాలని ఆమెకు ఒకటే ఆత్రం. నన్ను వెలుగులోకి పట్టుకుని చూసి మొహం చిట్లించింది. కువైట్ ఇంట్లో గిన్నె అడుగున మొహం కనబడాలి. నలుపంటే మురికి, మురికంటే మాట పడటం. ఆ చేతులు అక్కడ నేర్చిన పని ఇక్కడ చేశాయి. ఇనుప పీచు తీసుకుంది, పొడి చల్లింది, మోచేతుల దాకా నురగ వచ్చేట్టు తోమింది. నేను అరవలేను కదా. నా నల్లని పొరంతా తూములో పోయింది. కడిగి ఆరబెట్టి, నన్ను అటూ ఇటూ తిప్పి చూసుకుని ఆమె తృప్తిగా నవ్వింది. ఆ నవ్వు చూశాక కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

పిల్లలు వచ్చారు. పిండి పోసింది. ఏడు గుంతల్లోనూ పిండి కరుచుకుపోయింది. చెంచాతో తిప్పబోతే పైచెక్కు ఊడివచ్చింది, అడుగు నాలోనే ఉండిపోయింది. రెండో వాయీ అంతే. హేమలత వచ్చి ఒకసారి గీకి చూసి, "ఇది రాదులే. వదిలెయ్" అంది.

వీరభద్ర అక్క వెనక నిలబడి, "మీరు తినండి. మాకు ఆకలి ల్యా" అన్నాడు.

బడి నుంచి వచ్చిన పదమూడేళ్ళ పిల్లవాడు ఆకలి లేదనడం నా బతుకులో అదే మొదటిసారి వినడం. ఇద్దరూ బజ్జీల బండి దగ్గరికి వెళ్ళిపోయారు.

పొద్దు వాలుతుండగా ఓబుళమ్మ వచ్చింది. కంట్లో మందు వేసినందువల్ల చూపు మసకగా ఉంది, అయినా నా తెలుపు ఆమెకు కనబడింది.

"ఏమ్మే, ఈ పెనం యాడిది?"

"మనదే అత్తా. తోమినా."

ముసలామె నా గుంతల్లో వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది. "తోమినావా. కొవైటోల్ల గిన్ని అనుకుంటివి పాపం. ఇన్నేండ్ల నూని గదమ్మే ఇది."

రెడ్డెమ్మ తల వంచుకుంది. "నువ్వొకసారి బాగు చెయ్యి అత్తా. నీ చేతికి లొంగుతాది."

"నేను చెయ్యి పెట్టను. పోగొట్టిన చెయ్యే తెచ్చుకోవాల."

కటువుగానే అంది. కానీ వెళుతూ వెళుతూ నూనె సీసాను అందేటట్టు రెడ్డెమ్మ పక్కన పెట్టింది.

ఇక్కడి నుంచి నేను రెడ్డెమ్మను పొగడాలి. మనుషులు పోగొట్టుకున్నదాన్ని తలుచుకుని ఏడవడం చాలా చూశాను. తిరిగి కూడబెట్టుకోవడం తక్కువ చూశాను. ఆమె మధ్యాహ్నమంతా నన్ను సన్నని సెగ మీద పెట్టి, నూనె రాసి, ఆరనిచ్చి, మళ్ళీ రాసేది. ఉల్లిపాయతో రుద్ది రుద్ది ఆమె వేళ్ళు ఘాటెక్కిపోయాయి. సాయంత్రం పిండి పోసేది. అది పట్టుకునేది. గీకి తీసి, విరిగిన ముక్కలనే పళ్ళెంలో పెట్టి, ఊరిబిండి వేసి పిల్లల ముందు ఉంచేది. బతిమాలేది కాదు, తినమని కూడా అనేది కాదు. పెట్టి, పక్కకు తిరిగి తన పని చూసుకునేది.

పిల్లల పౌరుషం వారం నిలబడింది. ఆ తర్వాత ఆకలి గెలిచింది. ఆకలిని నేను మెచ్చుకునేది ఇందుకే. అది పెద్దల కన్నా ముందు రాజీకి వస్తుంది.

"ఏందిది, పొంగనమా, ఉప్మానా?" అన్నాడు వీరభద్ర ఒకరోజు, ముక్కల్ని వేలితో కదిలిస్తూ.

"పొంగనమే. నెలలు నిండకుండా పుట్టిండాది" అంది రెడ్డెమ్మ.

వాడు నవ్వకూడదనుకున్నాడు గానీ ముక్కులోంచి వచ్చేసింది. ఆ రోజు పళ్ళెం ఖాళీ అయింది. గీకి తీసిన మాడుచెక్కులు కరకరలాడుతున్నాయని తర్వాతి రోజుల్లో అక్కాతమ్ముళ్ళు వాటి కోసం కొట్టుకున్నారు కూడా.

హేమలత అంత సులువుగా దిగిరాలేదు. వంటింటి గడపకు ఆనుకుని, పుస్తకంలో తల పెట్టి, ఓరకంట చూస్తూ ఉండేది. చివరికి ఒకనాడు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అంది. "మంట తగ్గియ్యి. మూత అప్పుడే తియ్యాకు. జేజి అయితే పక్కన ఆవిరి వచ్చినాక తీస్తాది."

"ఇట్లనా?"

"ఇంకా తగ్గియ్యి. ఆఁ, చాలు."

తల్లి కూతురి మాట విని మంట తగ్గించింది. ఆ రోజు మూడు పొంగనాలు చెక్కుచెదరకుండా లేచాయి. నా ఒంటి మీద మళ్ళీ నలుపు చేరుతున్నట్టు నాకు తెలిసింది. అయితే సెలవు దినాలు కరిగిపోతున్నట్టు కూడా తెలిసింది. పిల్లలు తింటున్నారు, మాట్లాడుతున్నారు. ఉండమని మాత్రం ఎవరూ అనలేదు. ఉండనా అని ఆమె అడగలేదు. అడిగితే వాళ్ళు మర్యాద కోసం సరే అంటారేమోనని ఆమె భయం. ఇంట్లో నలుగురూ ఎవరి నోరు వాళ్ళు మూసుకుని ఉంటే, నోరు లేని నేను కుమిలిపోయాను.

ప్రయాణం రోజు రానే వచ్చింది. విమానాశ్రయానికి జీపు సాయంత్రం వస్తుంది. బ్యాగు గడప దగ్గర సిద్ధంగా ఉంది. రెడ్డెమ్మ కొత్త చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, నన్ను పొయ్యి మీద పెట్టింది. హేమలత ట్యూషన్ నుంచి, వీరభద్ర కబడ్డీ నుంచి ఒకేసారి వచ్చారు. వాడి మోకాళ్ళ నిండా మట్టి.

నేను నా శక్తినంతా పెట్టాను. పిండి పడగానే అంచుల్లో చుయ్‌మంది. మూత తీసి ఆమె చెంచా మొన తాకించింది. ఏడూ తిరిగాయి. ఎర్రగా, గుండ్రంగా, ఒక్క చెక్కు కూడా నా దగ్గర మిగలకుండా లేచాయి. గోడకు ఆనుకుని కూర్చున్న ఓబుళమ్మ ఆ చప్పుడు విని తల ఇటు తిప్పింది. రెడ్డెమ్మ మొహంలో సంతోషం లేదు. నేర్చుకోవడం పూర్తయిన రోజే పోవలసి వచ్చినవాళ్ళ మొహం అట్లాగే ఉంటుంది.

వీరభద్ర మొదటి వాయి మాట్లాడకుండా తిన్నాడు. "ఇంకో వాయి పొయ్యిమా" అన్నాడు. రెండో వాయి, మూడో వాయి. హేమలత కూడా పళ్ళెం ముందుకు జరిపింది. చివరికి రెడ్డెమ్మ గిన్నె వంచి చూపించింది.

"అయిపోయింది రా."

"అంతేనా? రేపు కొంచెం ఎక్కువ రుబ్బు" అన్నాడు వాడు, నోటి నిండా పొంగనంతో.

అని, నమలడం ఆపాడు. గడప దగ్గరున్న బ్యాగు అప్పుడు గుర్తొచ్చింది వాడికి. హేమలత పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. బయట జీపు హారను కొట్టింది.

రెడ్డెమ్మ లేచింది. పొయ్యి ఆర్పింది. మూలనున్న బియ్యం డబ్బా మూత తీసి, పావుతో బియ్యం కొలిచి గిన్నెలో పోసింది. ఒక పావు, ఆపైన ఇంకొకటి. అందులో పిడికెడు మినప్పప్పు వేసి, నీళ్ళు పోసింది.

ఓబుళమ్మ గిన్నె వైపు మెడ చాచి చూసింది. "ఉద్దిబ్యాళ్ళు ఇంకో పిడికెడు పొయ్యి మే. వీని తిండికి అవి యాడ సాల్తాయి?"

రెడ్డెమ్మ ఇంకో పిడికెడు పోసింది. మళ్ళీ హారను మోగింది. హేమలత ఎంగిలి చేత్తోనే లేచి వాకిట్లోకి వెళ్ళింది.

"అన్నా, నువ్వు పో. మాయమ్మ రాదు."

తిరిగి వస్తూ బ్యాగును కాలితో లోపలికి తోసింది.

కువైట్‌కు ఫోను చేయాలి, నరసింహులుకు చెప్పాలి, ఇల్లు ఎట్లా గడుస్తుందో చూసుకోవాలి. మనుషులకు ఇట్లాంటివి చాలా ఉంటాయి. అవేవీ ఆ పూట ఎవరూ ఎత్తలేదు. నేను పొయ్యి మీద మెల్లగా చల్లారుతూ ఉన్నాను. బియ్యం నీళ్ళు పీల్చుకునేటప్పుడు చిన్న చిన్న బుడగలు లేస్తాయి. చెవి పెట్టి వింటే వినబడతాయి. జీపు వెళ్ళిపోయిన వీధి నిశ్శబ్దంలో చాలాసేపు వాటినే వింటూ ఉన్నాను.