కుడిపక్క రెండంగుళాలు

శనివారం వచ్చిందంటే కమలాంబ సంచీ పట్టుకుని బయల్దేరాలి. రేషను బియ్యం, మిక్సీ జారుకు బ్లేడు, అన్న భాష్యానికి బీపీ మాత్రలు, అన్న మనవరాలు ధన్యకు రంగు పెన్సిళ్ళు. అంబత్తూరు బోల్టుల ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగం నుంచి రిటైరైన మర్నాటి నుంచీ ఇంట్లో ఎవరికేం కావాలన్నా ఆమె పేరే పిలుస్తున్నారు. పెళ్ళి చేసుకోలేదు, ఉద్యోగం అయిపోయింది, ఇంక ఈవిడకేం పని అని వాళ్ళ ఉద్దేశం.

ఆమె ఉద్దేశం వేరు. ఫ్యాక్టరీలో పక్క బల్ల మీద పనిచేసిన వాసంతి అంబత్తూరులోనే సొంతంగా తనిఖీ యూనిట్ పెట్టింది. సామాను కొలిచి చూసే కన్ను కావాలి, వచ్చేయమని ఎన్నాళ్ళగానో అడుగుతోంది. ఈ సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని నిన్న ఫోన్లో తేల్చి చెప్పేసింది. కమలాంబ పోదామని చెప్పులేసుకున్నప్పుడల్లా లోపల్నించి "కమలా" అనో "అత్తా" అనో ఒక పిలుపు వస్తుంది. పిలుపు వినగానే ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి తిరుగుతాయి. పుట్టినప్పటి నుంచీ అలవాటైపోయిన కాళ్ళు అవి.

పనులన్నీ ముగించుకుని, ఆఖరున తిరువొత్తియూరు స్టేషను రోడ్డులో హేమమాలిని ఫోటో షాపుకి వచ్చింది. భాష్యం షష్టిపూర్తినాడు తీసిన గ్రూపు ఫోటో తీసుకెళ్ళాలి.

హేమమాలిని దగ్గర ప్రింటు వేయించేవాళ్ళు కొలత దగ్గర కాస్త జాగ్రత్తగా ఉంటారు. ఆ షాపులో కాగితం మీద ఏం చేస్తే మనిషికీ అదే అవుతుంది. పోయినేడు మునికృష్ణ కుటుంబం కాగితం నిండాలని ఫోటోని అడ్డంగా సాగదీయించుకుంది. ఇంటిల్లిపాదీ అడ్డంగా సాగారు, ఇప్పటికీ ఆటోలో ఇద్దరికి మించి పట్టరు. అలివేలుమంగకి పాదాలు తెగిన ప్రింటు వచ్చింది, మళ్ళీ వేయించుకునేదాకా కాళ్ళకి చెప్పులు నిలవలేదు. వాట్సాప్‌లో తిరిగిన చిన్న ఫోటోని గోడంత చేయించుకున్న వార్డు నాయకుడి మొహం దగ్గరికి వెళ్తే గళ్ళుగళ్ళుగా ఉంటుంది. దానికి హేమమాలినిని ఎవరూ తప్పు పట్టరు. ఆమె అడిగే వేస్తుంది.

"రా అక్కా. మీ అన్న పొద్దున్నే ఫోన్ చేసినాడు. నువ్వు చూసినాకనే వేద్దామని ఆపి పెట్టినా."

"నేను చూసేదేముండాది? ఆయన చెప్పినట్టు వెయ్యి."

"చూడు ముందు." హేమమాలిని కంప్యూటర్ని ఆమె వైపు తిప్పింది. "మీ అన్న ప్యారీస్ బజార్లో ఫ్రేము ముందే కొనేసినాడంట. పదికి ఎనిమిది. కెమెరా ఫోటో అంత పొట్టిగా రాదక్కా. ఎత్తు ఎనిమిది పెడితే అడ్డం పన్నెండొస్తాది. రెండంగుళాలు యాడన్నా పోవాల."

"యాడ తియ్యమన్నాడు?"

హేమమాలిని మౌసు అటూ ఇటూ జరిపింది. "కుడిపక్క. ఆడ కర్టెన్ తప్ప ఏం లేదన్నాడు."

ఫోటో మధ్యలో భాష్యం, ఆయన భార్య పంకజం దండలతో కూర్చుని ఉన్నారు. ఎడమ చివర వాళ్ళ కొడుకు కేదార్, పక్కన కోడలు, పాప. కుడి చివర ఆకుపచ్చ కర్టెన్ ముందు కమలాంబ. ఆఖరి పంక్తికి వడ్డించి, తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ అందరికంటే చివర వచ్చి నిలబడింది. కట్టుకున్నది ఎర్రచీర. కర్టెన్లో కలిసిపోయే రంగేమీ కాదు.

అన్న అబద్ధం చెప్పలేదు. ఫోటో చాలాసార్లు చూసి ఉంటాడు. నిజంగానే కర్టెన్ తప్ప ఏమీ కనిపించి ఉండదు. కమలాంబకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

"అటొకటి, ఇటొకటి తీస్తే?"

"నువ్వు సగం పోతావు, కేదార్‌కి ఒక చెయ్యి పోతాది. బండి నడిపే బిడ్డ, ఎందుకు? ఏమీ తియ్యకుండా మొత్తం పట్టించేస్తానక్కా. పైనా కిందా తెల్లపట్టీ వస్తాది. మీ అన్న అరుస్తాడు, అరవనీ."

"అట్ట వేస్తే నాకేమవుతాది?"

"ఏమీ కాదు. ఇప్పుడున్నట్టే ఉంటావు."

ఆ మాట కమలాంబకి గుచ్చుకుంది. "తీసేస్తే?"

"చచ్చిపోవులే. మా వీధిలో ఆనందన్ వాళ్ళ పెద్దమ్మకి అట్టే అయింది. ఇంటోళ్ళకి నువ్వు జ్ఞాపకం రావు, అంతే. ఎదురుగా నిలబడి అడిగితే పలకతారు, అన్నం పెడతారు. వాళ్ళంతట వాళ్ళు తలుచుకోరు. పిలవరు."

"పిలవరా?"

"పిలవరు."

"కాఫీకి?"

"ఊహూ."

"పాపని స్కూలు నుంచి తేవడానికి?"

"దేనికీ పిలవరక్కా. జ్వరమొచ్చినా నువ్వే అడిగి నీళ్ళు తెప్పించుకోవాల. అది ఆలోచించు."

"ఇప్పుడు అడక్కుండా తెస్తాండారా ఏంది?"

కమలాంబ కళ్ళజోడు సర్దుకుని తెర మీద తనని పైనుంచి కిందికి చూసుకుంది. తనలో వంకరేమీ లేదు. పొట్టిగా ఉన్నది ఫ్రేము.

"ఆయన చెప్పినట్టే తీసెయ్. కుడిపక్క రెండంగుళాలు. ఒక్క నూలు కూడా తగ్గించబాక."

"బాగా ఆలోచించే చెప్తాండావా?"

"ఇన్నేళ్ళూ నిదానంగానే ఆలోచించినా. ఆ తీసిన ముక్క పారెయ్యొద్దు. దాన్ని ఇంకో కాగితం మీద నాకు వెయ్యి. అదే సైజు కాగితం."

"రిబ్బన్ మాదిరి సన్నంగా ఉందక్కా. పెద్దది చేసి కాగితం నింపనా? తలో కాళ్ళో తెగుతాయి మరి."

"తల తెగినా కాళ్ళు తెగినా నాకు కుదరదు. రెండిటితోనూ పనుండాది. అట్టే నడిమధ్యలో పెట్టు."

"రెండు పక్కలా అంతా తెలుపే ఉంటాది."

"ఉండనీ. నా చోటు అది."

ఆదివారం ఫోటో హాల్లో గోడకెక్కింది. ఫ్రేములో చక్కగా అతికినట్టు కూర్చుంది. కొలత ఎంత బాగా కుదిరిందో చూడండని భాష్యం వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. తన ఫోటోని కమలాంబ బీరువా తలుపు లోపలివైపు అంటించుకుంది.

సోమవారం పొద్దున పాలు పొంగి పొయ్యి మీద పోయాయి. పంకజం పట్టుకారుతో గిన్నె దించి, ఎవరినో కేకేయబోయినట్టు నోరు తెరిచి, ఎవరినో తోచక మూసేసింది. కేదార్ తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటున్నాడు. వాకిట్లో చెప్పులేసుకున్న కమలాంబ అలవాటు కొద్దీ ఒక క్షణం ఆగింది. లోపల్నించి ఏ పిలుపూ రాలేదు.

అలా పోవడం ఆమెకి నచ్చలేదు. చెప్పులతోనే హాల్లోకి వెళ్ళి, పేపరు చదువుతున్న అన్న ఎదుట నిలబడింది.

"పోయొస్తా అన్నా."

భాష్యం తలెత్తాడు. "మంచిదమ్మా, పోయిరా," అని మళ్ళీ పేపర్లోకి వంగాడు. ఎక్కడికని అడగలేదు.

సోమవారం లోకల్ రైల్లో లేడీస్ పెట్టెలో కాలు మోపడానికి చోటుండదు. కమలాంబ ఎక్కగానే ఆడవాళ్ళు మాటలు ఆపకుండానే కాస్త అటూ, కాస్త ఇటూ జరిగారు. ఆమెకి రెండు పక్కలా మూరెడు మూరెడు ఖాళీ ఏర్పడింది. బేసిన్ బ్రిడ్జిలో బండి మారినా ఆ ఖాళీ ఆమెతోనే వచ్చింది. సంచీ కూడా కింద పెట్టుకుంది, ఎవరూ తొక్కలేదు.

"ఇంటోళ్ళు ఒప్పుకున్నారా?" అని అడిగింది యూనిట్‌లో వాసంతి.

"నేనడగలా," అని కమలాంబ సామాను కొలిచే గేజి అందుకుంది. మధ్యాహ్నానికల్లా మొదటి ట్రేలో సగం కొలత తప్పాయని వెనక్కి పంపించేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అందరూ టేబుల్ దగ్గర తింటున్నారు. ఆమె కోసం కంచం లేదు. కమలాంబ కాళ్ళు కడుక్కుని, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాకూ పెట్టు వదినా."

పంకజం, చుట్టాలొచ్చినట్టు గబుక్కున లేచి, కంచం కడిగి, ఉప్మా వడ్డించింది. పొగలు కక్కుతున్న ఉప్మా. ఆ ఇంట్లో ఇంకొకరు వండింది వేడివేడిగా కూర్చుని తినడం కమలాంబకి ఎరుకలో లేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ట్రేలో సామానుని కంటితో చూసినట్టే నాలుకతో తీరిగ్గా పరీక్షించింది.

"ఉప్పు చాల్లేదు," అంది.

పంకజం వంటింట్లోకి వెళ్ళి ఉప్పు తెచ్చింది.