వెనక్కి తిప్పుదామన్నది ఎవరు?

నేను ఒక నారింజ రంగు పెట్టెను. లోకం మాత్రం నన్ను నల్లపెట్టె అంటుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నాలో నలుపూ అంతే. ఎవరికి చెప్పి ఏం లాభం?

మంటల్లో పడినా, నీళ్లలో మునిగినా చెడిపోకూడదని నన్ను ఉక్కు కవచంలో బిగించారు. ఒక కంపెనీ నన్ను చిన్న సరుకుల విమానం తోకలో పెట్టింది. ఆ కంపెనీ మూతపడితే విమానంతో పాటు ఇంకో కంపెనీ చేతికి వెళ్లాను. నా పని వినడం. పైలట్ల గదిలో చివరి రెండు గంటల మాటలు దాచుకుంటాను, అంతకు ముందువి చెరిపేసుకుంటాను. పదకొండేళ్లు వాళ్ల నడుము నొప్పులు, బదిలీల గోల, చల్లారిన ఉప్మా మీద తిట్లు విన్నాను. నా ఊసెత్తినవాడు లేడు.

ఒక తుపాను రోజు ఆ విమానం సముద్రంలో కూలింది. కెప్టెన్ ఉపేంద్ర, సహాయ పైలట్ సామ్యేలు ఇద్దరూ పోయారు. వెనక్కి తిరిగితే బతికేవారు. తిరగనివ్వనిది ఎవరు? నేనింకా నీళ్లలో ఉండగానే టీవీలు తీర్పు చెప్పేశాయి. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం! కెప్టెన్ మొండివాడని ఒకరు, కుర్రాడికి అనుభవం లేదని ఒకరు.

ఆరో రోజున దానయ్య అనే జాలరి వలకు చిక్కాను. అతను నన్ను మంచినీళ్ల డ్రమ్ములో ముంచి కబురు పంపాడు. వచ్చిన అధికారి నన్ను బయటికి తీయించి, శుభ్రంగా తుడిపించి, ఫొటోల కోసం ఎండలో బల్ల మీద పెట్టించాడు. ఎవరో పెద్దాయన కూడా రావాలట. మూడు గంటలు గడిచాయి. దానయ్య ఉండబట్టలేకపోయాడు.

"ఉప్పునీట్లో పడ్డదాన్ని ఆరబెడతారేటి బాబూ? తుప్పు తినేస్తాది. మా బోటు మోటారు పడితే మెకానిక్కు వచ్చేదాకా మంచినీల్లలోనే ఉంచుతాం."

"మాకు చెప్పొచ్చావా? జరుగు పక్కకి."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరుంటే ఆ అధికారిని అక్కడే నాలుగు దులిపేసేదాన్ని.

ప్రయోగశాలలో నళిని అనే ఇంజనీరు నన్ను విప్పి తల పట్టుకుంది. "ఎండబెట్టారా దీన్ని? ఎవరండీ ఆ మహానుభావులు?" అంది. పన్నెండు రోజులు కూర్చుని చిప్పుల మీది తుప్పును కుంచెతో తుడిచింది. అయినా ఒక్కో పైలట్ దగ్గరి మైకు విడివిడిగా పట్టినవన్నీ పోయాయి. ఇద్దరికీ కలిపి గది పైకప్పుకున్న మైకు విన్నది మాత్రం బొంగురుగా మిగిలింది. అందులో చివరి మాటలు రెండే.

"వెనక్కి తిప్పేద్దాం."

"ఏం కాదు, వెళ్లిపోదాం."

ఏది ఎవరిదో నాకు తెలుసు. చెప్పే దారే లేదు.

గొంతులు గుర్తుపట్టమని సామ్యేలు తల్లినీ, కెప్టెన్ భార్య అంబుజనూ పిలిపించారు. తల్లి వింటూనే భోరుమంది. "రెండూ మా బాబువేనండీ" అంది. ఆవిడను ఏమనగలరు?

అంబుజ మూడుసార్లు వింది. కంపెనీ మనిషి ఆమె పక్కకు వంగాడు. "మొదటిది కెప్టెన్‌గారిదే కదమ్మా? బాగా ఆలోచించుకోండి" అన్నాడు. ఔనంటే చాలు, భర్త పేరు నిలబడుతుంది, నింద చచ్చిపోయిన కుర్రాడి మీదికి పోతుంది. కాదనేవాళ్లెవరూ లేరు. ఇదీ మనుషుల వరసే కదా అని నేను విసుగ్గా ఎదురుచూశాను.

ఆమె చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"కాదండీ. రెండోది మా ఆయనది. ఇంట్లో గ్యాసు వాసన వచ్చినా 'ఏం కాదు' అనే అనేవారు."

సామ్యేలు తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. అంబుజ అప్పుడు ఏడ్చింది.

పదకొండేళ్లు పనికిమాలిన కబుర్లన్నీ దాచాను. ఈ ఒక్క మాట దాచుకోవాలనిపించింది. అప్పటికే నా తీగలన్నీ ఊడదీసి ఉన్నాయి.